చేబదులు చదువు

ఏడుకొండలు కూతురు గోడకున్న ఫోటో వంక చూసి "ఈవిడ ఎవరు నాన్నా?" అని అడిగిందంట. ఫోటోలో ఉన్నది ఆ పిల్లను కన్నతల్లేనంట. ఈ కబురు వాళ్ళ పక్కింటి ఆదిలక్ష్మి పాలకేంద్రం దగ్గర సుగుణమ్మ చెవిన వేసింది. సుగుణమ్మ ఇంటికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపే మొగుడికి చెప్పేసింది.

"గాలి సోకిందని ఏడుకొండలు గుమ్మానికి ఆదిలక్ష్మే నిమ్మకాయలు కూడా కట్టించిందంట. పిల్లేమో శుభ్రంగా తింటా, నవ్వతా, కాలేజీకి పోతా ఉందంట. ఏడుస్తంటే అర్థం చేసుకోవచ్చు గానీ, నవ్వడమేందండీ?"

మాలకొండయ్య మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ తల్లి పేరేంది?"

"మల్లేశ్వరి. మనం చూళ్ళేదులే. క్వారీ పక్కన కాలనీలో ఉంటారు. పోయి ఏడాది దాటిందంట."

"నుదుటి మీద, ఎడం పక్క, చిన్న కోత మచ్చ ఉండిద్దా?"

"చూళ్ళేదంటన్నాగా, నాకెట్టా తెలిసిద్ది? అసలు మీకెట్టా తెలుసు?"

 నెల రోజుల నుంచి ఒక ఆడమనిషి మాస్టారు తలలో కూర్చుని జడ వేస్తూ ఉంది. మెట్టు మీద ఆవిడ, కింది మెట్టు మీద ఆయన. ఆయనంటే ఆయన కాదు, ఎవరో చిన్నపిల్ల. ఆవిడ రెండు మోకాళ్ళ మధ్యా ఆ పిల్ల తలను బిగించి పట్టుకుని, నల్ల రిబ్బను పళ్ళతో కరుచుకుని, ఆ పళ్ళ సందునుంచే తిడుతుంది: "కదలమాక. ఇది జుట్టా, కొబ్బరి పీచా?" పాపిడి వంకర పోయిందేమోనని గడ్డం పట్టుకుని ఇటు తిప్పినప్పుడు ఆ ముఖం కనిపిస్తుంది. నుదుటి మీద మచ్చ.

ఎవరో పిల్లలు పెట్టిన కానుక అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాఫీ అయ్యేదాకా కూడా ఆగకుండా లేచి చొక్కా వేసుకున్నాడు.

*

చింతలమెట్ట డిగ్రీ కాలేజీ లైబ్రరీకి ఒక వెబ్ పేజీ ఉంది. లైబ్రేరియన్ రజియా దాన్ని సొంత వంటిల్లులా సర్దిపెట్టుకుంటుంది. పైన 'ఉపయోగపడే ఆన్‌లైన్ సేవలు' అని పెద్ద అక్షరాలు. కింద పాత ప్రశ్నపత్రాలు, నిఘంటువులు, పరిశోధన పత్రికలు, డబ్బు కట్టకుండా చదువుకునే పుస్తకాలు, స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు పెట్టుకునే చోటు. వీటిని నొక్కేవాళ్ళు తక్కువ. అందరి వేళ్ళూ పోయేది అడుగున ఉన్న ఆఖరి వరస మీదికే: 'చదివినవారి చదువు.'

యూనివర్సిటీ ప్రయోగశాల వాళ్ళు ఇచ్చిన సేవ అది. తలకు కట్టుకునే పట్టీలు రెండు. ఒకటి మాస్టారు ఇంట్లో, ఒకటి లైబ్రరీలో. పిల్ల ఫోనులో బుక్ చేసుకుని, తన వంతు వచ్చినప్పుడు పట్టీ కట్టుకుంటే చాలు, ఇక్కడ మాస్టారు తలలోంచి కెమిస్ట్రీ లేచిపోయి అక్కడ నాటుకునేది. నకలు కాదు. నకలు తీద్దామని ప్రయోగశాల వాళ్ళు చాలా తంటాలు పడ్డారు గానీ, నకలు తీసిన చదువు రెండో రోజుకే తోటకూర కాడలా వాడిపోయేది. నారు పీకి నాటినట్టు ఇక్కడ లేకుండా పోతేనే అక్కడ బతికేది. పరీక్ష రాసి వచ్చి పిల్ల మళ్ళీ పట్టీ కట్టుకుంటే ఎక్కడిది అక్కడికి చేరేది. పిల్లకు మార్కులు మిగిలేవి, మాస్టారుకు కెమిస్ట్రీ తిరిగొచ్చేది.

కెమిస్ట్రీ పోయి ఉన్న రోజుల్లో ఆయన సబ్బు కాగితం పట్టుకుని "ఇదేందే సుగుణా, ఏందో సోడియం అంట?" అని అడిగేవాడు. "రుద్దుకోండి, చావరు" అనేది సుగుణమ్మ.

ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. మొదట్లో ఊరికే పోయి పాఠం చెప్పివచ్చేవాడు. చెప్పడానికి ఇప్పుడూ సిద్ధమే. పట్టీ వచ్చాక వినడానికి కూర్చునే ఓపిక పిల్లలకు పోయింది. సరే, ఏదో ఒక రకంగా పనికొస్తున్నాం గదా అని ఆయనా సర్దుకున్నాడు.

పట్టీతో పాటు వచ్చిన సూచనల్లో 'తిరిగి ఇచ్చేటప్పుడు మనసులో ఏమీ తలుచుకోకండి' అని ఉంది. తక్కిన ఊళ్ళ కాలేజీల్లో దాన్ని పాటించారు. ఇక్కడి పిల్లలకు అది మింగుడుపడలేదు. పక్కింటి గిన్నె మనింటికొస్తే, కడిగి, కనీసం గుప్పెడు చింతచిగురన్నా వేసి తిరిగి పంపే ఊళ్ళవి. సారు అంత చదువు పంపితే ఒట్టి గిన్నె ఎట్టా తిప్పి పంపుతాం? అందుకని పట్టీ కట్టుకుని, కళ్ళు మూసుకుని, తమ దగ్గరున్న మంచిదేదో ఒకటి తలుచుకునేవాళ్ళు. అదీ కెమిస్ట్రీతో పాటు వచ్చేసేది.

మొదటిసారి మాస్టారు తలలోకి జున్ను వాసన వచ్చింది. తరవాత ఈత వచ్చింది. జన్మలో చెరువులో దిగని మనిషి, మంచం మీద వెల్లకిలా పడుకుని నీళ్ళ మీద తేలినంత హాయిగా ఉందని సుగుణమ్మకు చెప్పాడు. రజియాతో చెబితే ఆమె నవ్వింది. "మన పిల్లలు ఉత్త గిన్నె తిప్పి పంపుతారా సార్?"

ఒకసారి ఒక పిల్లాడు నిజంగానే ఉత్తది పంపాడు. మాస్టారు కాలేజీ వరండాలో వాణ్ణి పట్టుకుని అందరి ముందూ ఎగతాళి చేశాడు. "ఏందిరా, మీ ఇంట్లో చింతచిగురు కూడా లేదా?" అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో ఏడుకొండలు కూతురు ఇందుప్రియ కూడా ఉంది.

ఈత పంపిన పిల్లాడు ఎండాకాలంలో క్వారీ గుంటలో దిగి మునిగిపోయాడు. ఎవరో జుట్టు పట్టి లాగితే బతికాడు. కండరాలు పట్టేసి ఉంటాయన్నారు. కానుక కూడా చదువులాగే అక్కడ లేకుండా పోయి ఇక్కడికి వస్తుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు కాలేజీ వైపు నడుస్తుంటే మాస్టారుకు తట్టింది. 

*

ఇందుప్రియ లైబ్రరీలోకి చలాకీగానే వచ్చింది. జడ లేదు, జుట్టు పోనీటెయిలు కట్టేసి ఉంది.

"నమస్తే సార్. పిలిచారంట?"

"కూర్చో అమ్మాయ్. పోయిన నెల కెమిస్ట్రీ తిప్పి ఇచ్చేటప్పుడు అందులో ఏం పెట్టావు?"

ఆ పిల్ల సిగ్గుపడింది. "మంచిదే పెట్టా సార్. మా ఇంట్లో అన్నిటికన్నా మంచిది ఏందా అని చూసి మరీ పెట్టా. అదేందో మాత్రం గుర్తు రావటంలా."

రజియా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మాస్టారు నెమ్మదిగా చెప్పాడు. మెట్లు, రిబ్బను, కొబ్బరి పీచు, మచ్చ. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది, పాఠం విన్నట్టు.

"అమ్మ పోయిందని తెలుసు సార్. కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి. కానీ అది ఎవరికో జరిగినట్టుంది. నాన్న ఏడుస్తంటే పక్కింట్లో ఏడుపు వినపడినట్టు ఉంటంది. కాసేపు విని చదువుకోడానికి పోతన్నా." అని ఆగింది. "అది తప్పా సార్?"

 రజియా ఏడుకొండలుకు ఫోను చేసింది.

అతను క్వారీ నుంచి ఉన్నపళంగా వచ్చాడు. కనుబొమల మీద, చెవుల మీద తెల్లటి రాతిపొడి. లోపలికి వస్తే నేల పాడవుతుందని గుమ్మంలోనే నిలబడి, మాస్టారు చెప్పిందంతా విన్నాడు. 

"అయితే మా ఆవిడ మీ దగ్గరుందన్న మాట సారూ."

"ఉంది."

"ఎట్టుంది?"

మాస్టారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "జడేస్తంది."

"తిడతందా?"

"తిడతంది."

ఏడుకొండలు నవ్వాడు. నవ్వుతూనే ముఖం తుడుచుకున్నాడు. రాతిపొడి తడిసి చెంపల మీద బురదలా చారలు కట్టింది. "నాకెప్పుడూ పనే సారూ. పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేవోణ్ణి. దాంతో కూర్చుని మాట్టాడింది ఈ పిల్లే. అది ఎట్టా నవ్వేదో, ఏం పాట పాడేదో దీన్నే అడిగేవోణ్ణి. ఇప్పుడు ఇది నన్నడగతంది, ఈవిడ ఎవరని." కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల మర్యాదగా తల వంచుకుంది, కొత్తవాళ్ళ ముందు కూర్చున్నట్టు.

*

రజియా కంప్యూటరు తెర మీద యూనివర్సిటీ నుంచి డాక్టర్ కీర్తన కనిపించింది. ఈ సేవను తయారుచేసిన వాళ్ళలో ఆమె ఒకతె. మాస్టారును పట్టీ కట్టుకోమంది. బెంజీన్ గురించి ఆలోచించమంది. ఆయన ఆలోచించాడు. ఆరు మూలల బొమ్మ పక్కనే రెండు చేతులు వచ్చి మూడు పాయలు అల్లడం మొదలుపెట్టాయి.

తెర మీద గీతలు చూసి కీర్తన నిట్టూర్చింది. "సార్, ఇది మీ సబ్జెక్టులోకి వేళ్ళు దించేసింది. నెల రోజులైంది కదా. ఒకటి లాగితే రెండూ వస్తాయి. విడదీయడం మాకు చేతకాదు."

"అయితే రెండూ లాగి ఆ పిల్లకే ఇవ్వండి."

"ఇవ్వచ్చు. కానీ ఆవిడ ఆ అమ్మాయి దగ్గర నిలవాలంటే మళ్ళీ వెనక్కి రాకూడదు. అప్పుడది అరువు కాదు సార్. మీకిక కెమిస్ట్రీ ఉండదు. మళ్ళీ చదువుకుందామన్నా, ఈ వయసులో..." అని ఆపేసింది.

"పరీక్షలు అయ్యేదాకా ఆగితే?" అంది రజియా. "పిల్లలందరూ బుక్ చేసుకుని ఉన్నారు మేడం. ఈ కాలేజీకి ఇదొక్కటే కెమిస్ట్రీ."

"అన్ని తలలు మారితే ఆవిడ మిగలదండీ. సార్ సబ్జెక్టు ఏళ్ళ తరబడి పాఠం చెప్పి చెప్పి గట్టిపడింది, దానికేం కాదు. పక్కన పెట్టిన చిన్నవే అరిగిపోతాయి."

అది మాస్టారుకు తెలుసు. నలుగురి తలలు తిరిగొచ్చాక జున్ను వాసన ఒట్టి పాల వాసనయింది. ఈతలో ఇప్పుడు మిగిలింది ముక్కులోకి నీళ్ళు పోయిన మంట ఒక్కటే.

*

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఆయన కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచాడు. సుగుణమ్మ విసనకర్ర ఆపి చూసింది.

"ఇచ్చేస్తే నాకేం మిగిలిద్ది సుగుణా? ఊళ్ళో నన్ను కెమిస్ట్రీ మాస్టారు అనే గదా పిలిచేది."

"నేను మిగుల్తాగా. చాలనా?"

"నువ్వు కెమిస్ట్రీవా ఏంది?"

"దానికన్నా ముందొచ్చా ఈ ఇంటికి. అప్పుడు మీరు ఇంటరు తప్పి ఉన్నారు, మర్చిపోయారేమో."

ఆయన నవ్వలేదు. ఎంగిలి చేత్తోనే కూర్చుని, ఇంకో మాట చెప్పాడు. అది చెప్పడం మొదటి మాటకన్నా కష్టమైంది. "ఆ చేతులు కూడా అలవాటైపోయినాయే. పొద్దున్నే లేవగానే తల దువ్వతా ఉంటాయి. మా అమ్మ నాకు గుర్తులేదు గదా. ఇది ఎట్టుండిద్దో ఇప్పుడే తెలిసింది."

 సుగుణమ్మ గిన్నెలో మజ్జిగ వంచుతూ అంది. "బాగానే ఉంది. ఊళ్ళో వాళ్ళమ్మను ఇంట్లో దాచుకుని కూర్చుంటారా? రేపు ఆ ఆదిలక్ష్మి అడిగితే నేనేం చెప్పాలి? మా ఆయనకి అలవాటైంది, ఇవ్వనంటన్నాడని చెప్పనా? తినండి ముందు."

ఆయన తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక పాత పుస్తకాల బీరువా తీసి, తను చదువుకున్న పుస్తకం ఒకటి బయటికి లాగి, నిలబడే ఒక పేజీ చదివాడు. ప్రతి అక్షరమూ తెలిసినదే. ఇంకో పేజీ తిప్పాడు. చివరికి దాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, ఇంట్లో ఉన్న పట్టీ, గొడుగు తీసుకుని బయల్దేరాడు.

*

లైబ్రరీలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు మాస్టారూ ఇందుప్రియా. ఏడుకొండలు ఈసారి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. రజియా తెర మీది గళ్ళన్నీ నింపింది. తిరిగి ఇచ్చే తేదీ వెయ్యకుండా యంత్రం ముందుకు కదల్లేదు.

తెర మీద కీర్తన ఆ తేదీ గడి వైపు చూసింది. "మా వాళ్ళు నన్ను అడుగుతారు" అంది. ఆనక ఏదో నొక్కింది. తేదీ గడి తెర మీదినుంచి మాయమైంది. "ఇప్పుడు చెయ్యండి."

"సార్, ఇంకోసారి ఆలోచించుకోండి" అంది రజియా.

"ఆలోచిస్తే ఇవ్వలేనమ్మా. కానియ్."

పీకినప్పుడు ఎప్పటిలాగే నొప్పి లేదు. మాస్టారు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఇందుప్రియ చెయ్యి తనంతట తనే మెడ వెనక్కి పోయింది. అక్కడ లేని జడను పట్టుకుంది.

"అబ్బ, లాగమాకే!" అని అరిచింది.

ఆ అరుపుతో పాటే ఏడుపు వచ్చింది. నెల రోజులది, అంతకు ముందు ఏడాదిది, అంతా కలిపి వచ్చింది. ఏడుకొండలు లేచి దగ్గరికి పోయి, తాకాలో వద్దో తెలియక, కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల తండ్రి చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. "నాన్నా, నన్ను దువ్వేటప్పుడు అమ్మ నీ మీద చాడీలు చెప్పేది" అంది వెక్కుతూ. "ఏమని?" అన్నాడు ఏడుకొండలు. "చెప్తా. అన్నీ చెప్తా."

మాస్టారు తలెత్తి గోడ మీద వేలాడుతున్న పెద్ద పటం వైపు చూశాడు. వరసగా గళ్ళు, గడికో అంకె, గడికో అక్షరం.

"రజియా, ఆ క్యాలెండరు ఏ సంవత్సరందమ్మా? తేదీలు సరిగ్గా లేవు."

రజియా కిటికీ దగ్గరికి పోయింది.

*

వారం తిరక్కుండా కాలేజీ అట్టుడికిపోయింది. పేజీలో ఆఖరి వరస నొక్కితే 'లభ్యం కాదు' అని వస్తోంది. పరీక్షలు నెత్తి మీదికి వచ్చాయి. కొంతమంది మాస్టారు ఇంటికే పోయారు. ఆయన అరుగు మీద చిక్కుడుకాయలు వొలుస్తూ, "నాకు రాదురా నాయనా, నిజంగానే రాదు" అన్నాడు. వాళ్ళు నమ్మలేదు. చిక్కుడుకాయల మీద ఆయనకున్న శ్రద్ధ చూసి నమ్మారు.

చివరికి ప్రిన్సిపాల్ రాఘవరావు తన గదిలోకి అందరినీ పిలిచాడు. రజియా, ఇందుప్రియ, పిల్లల తరఫున ప్రదీప్ అనే కుర్రాడు. మాస్టారును కూడా పిలిచి, మర్యాదకు కుర్చీ వేయించాడు.

"ఇప్పుడా కెమిస్ట్రీ నీ దగ్గరుంది కదమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. "అందరికీ తలా ఒక పూట బదులిస్తే సరిపోతుంది. పేజీలో సార్ పేరు తీసేసి నీ పేరు పెట్టిస్తాను. మన కాలేజీకే గౌరవం."

"బదులియ్యలేను సార్. సాయంత్రాలు లైబ్రరీలో కూర్చోమనండి, నేను పాఠం చెప్తా. అంతా వచ్చు నాకు."

"పాఠమా!" అన్నాడు ప్రదీప్. "పాఠం వింటే ఎప్పటికొచ్చిద్ది ఇందూ? మేం ఫస్టియరు నుంచి ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. నువ్వు మటుకు తెరిచావా? నువ్వూ బదులు తెచ్చుకునే గదా పాసయ్యింది."

ఇందుప్రియ ముఖం ఎర్రబడింది. కాదనలేదు.

"వాళ్ళూ నీలాంటి పిల్లలేనమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్, ఈసారి మెత్తగా. "క్వారీ పనోళ్ళ పిల్లలు, కూలోళ్ళ పిల్లలు. ఈ ఒక్క సబ్జెక్టు పోతే సంవత్సరం పోతుంది. ఆడపిల్లల్ని మళ్ళీ పంపరు కూడా. మాలకొండయ్య గారు తనది మొత్తం నీకిచ్చేశారు. నువ్వు కొద్ది రోజులు ఇవ్వలేవా?"

"అరిగిపోయిద్దని ఆ మేడం చెప్పింది సార్" అంది రజియా నెమ్మదిగా.

"కొంచెం అరుగుతుందేమో. మొత్తం పోదుగా?" ప్రిన్సిపాల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన గొంతులో నిజమైన బతిమాలడమే ఉంది. "పరీక్షలు అయ్యేదాకే కదమ్మా. పోయినా మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది."

ఇందుప్రియ లేచి నిలబడింది. గట్టిగా రెండు జడలు వేసి, నల్ల రిబ్బన్లు కట్టుకుని ఉంది. ప్రిన్సిపాల్ ముఖంలోకే చూస్తూ అంది:

"మళ్ళీ వస్తానని మా అమ్మ కూడా చెప్పే ఎక్కింది సార్, అంబులెన్సు."